కారుకి దుప్పటి కప్పితే సరిపోదు బాస్!

"ఏరా, కారు మీద ఏమన్నా కప్పావా?"

మొదటి మంచు పడిన రోజు నాన్న ఫోన్లో అడిగిన మొదటి ప్రశ్న ఇదే. తిన్నానా, స్వెటర్ వేసుకున్నానా... అవన్నీ అమ్మ డిపార్ట్‌మెంట్. ఖమ్మంలో మా ఇంటి ముందు బజాజ్ చేతక్ ఇరవై ఏళ్లు ఎండకీ వానకీ తట్టుకుని నిలబడిందంటే, రోజూ రాత్రి తను కప్పిన పాత దుప్పటి వల్లేనని ఆయన గట్టి నమ్మకం.

నేనుండేది షికాగో శివార్లలో. కంపెనీ ఆన్‌సైట్‌కి పంపిస్తే వచ్చాను. గుంటూరు కుర్రాడొకడు రూమ్మేట్. ఇద్దరికీ కలిపి ఒకటే సెకండ్ హ్యాండ్ కరోలా. గ్యారేజీ కావాలంటే నెలకి ఎక్స్‌ట్రా కట్టాలి. అందుకే మా కారు ఓపెన్ పార్కింగ్‌లో, ఆకాశం కిందే పడుకుంటుంది. పొద్దున్నే ఆఫీసుకెళ్లాలంటే ముందు దాని మీది మంచు గీకాలి. పావుగంట పని, వేళ్లు కొంకర్లు.

సరే, నాన్న మాట విందామని ఒక పాత బెడ్‌షీట్ తీసుకెళ్లి అద్దం మీద కప్పి, తలుపుల్లో ఇరికించాను. ఆ రాత్రి ముందు సన్న వాన పడింది, తర్వాత చలి పెరిగింది. తెల్లారేసరికి బెడ్‌షీట్ అప్పడంలా బిగుసుకుపోయి అద్దానికి అతుక్కుపోయింది. అంతకుముందు మంచు ఒక్కటే గీకేవాణ్ని, ఆ రోజు మంచూ, దుప్పటీ రెండూ గీకాను.

తర్వాత ఆన్‌లైన్లో అన్నిటికన్నా చవగ్గా దొరికిన ఫుల్ కవర్ ఒకటి కొన్నాం. దాని వల్ల నేర్చుకున్న పాఠం మాత్రం చవకది కాదు. అది చివర్లో చెప్తాను. ముందు అసలు విషయం.

మంచు పడకపోయినా అద్దం ఎందుకు గడ్డకడుతుంది?

ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి లేని రాత్రి కారు తనలోని వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. దాంతో కారు టాపు, అద్దం చుట్టూ ఉన్న గాలి కన్నా ఎక్కువ చల్లబడతాయి. గాలి రెండు మూడు డిగ్రీలున్నా అద్దం సున్నా కిందకి దిగిపోవచ్చు. గాలిలోని తేమ దాని మీద తెల్లటి పొరగా గడ్డకడుతుంది. డిసెంబర్‌లో హైదరాబాద్‌లో పొద్దున్నే బైక్ సీటు తడిసి ముద్దయ్యేది కూడా ఇందుకే. అక్కడ అది నీళ్ల దగ్గరే ఆగిపోతుంది, ఇక్కడ ఐసు దాకా వెళ్తుంది.

కవర్ చేసే అసలు పని ఇదే. ఆకాశానికీ కారుకీ మధ్య అడ్డం నిలబడుతుంది. చల్లబడేది కవర్, పొర కట్టేది కవర్ మీద. పొద్దున్నే తీసి దులిపితే కింద అద్దం శుభ్రంగా ఉంటుంది. పొడి మంచు నాలుగైదు అంగుళాలు పడినా ఇదే లెక్క.

కవర్ చేయలేని పని

కవర్ దుప్పటి లాంటిదే కానీ, దుప్పటిలో మనం వెచ్చగా ఉండేది మన ఒంట్లో వేడి పుడుతుంది కాబట్టి. ఆపేసిన కారులో వేడి ఎక్కడినుంచి వస్తుంది? గంటలు గడిచేకొద్దీ కవర్ కింద కారు కూడా బయటంత చల్లగానే అయిపోతుంది.

కాబట్టి బ్యాటరీని కవర్ కాపాడదు. సున్నా డిగ్రీల దగ్గరే మామూలు కారు బ్యాటరీ శక్తి మూడో వంతు దాకా పడిపోతుంది. మైనస్ 18కి వెళ్తే సగానికి పైగా పోతుంది. అదే సమయంలో ఇంజన్ ఆయిల్ చిక్కబడి, ఇంజన్ తిప్పడానికి మామూలు కన్నా ఎక్కువ బలం కావాలి. అంటే ఆదాయం తగ్గిన నెలలోనే ఖర్చు పెరిగినట్టు. 2019 జనవరి 30న షికాగో ఓహేర్ విమానాశ్రయం దగ్గర మైనస్ 30 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. అలాంటి రోజు పాత బ్యాటరీ మీద ఎన్ని కవర్లు కప్పినా లాభం లేదు. బ్యాటరీకి మూడు నాలుగేళ్లు దాటితే చలికాలం రాకముందే టెస్ట్ చేయించడం మంచిది.

టైర్లూ అంతే. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ గాలి దాదాపు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. మొదటి చలి రోజునే డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగితే పంక్చర్ అని కంగారు పడక్కర్లేదు. గాలి కొట్టించుకుంటే చాలు.

అసలు శత్రువు ఉప్పు

ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్లు మంచుని చూసి భయపడతారు. పాతవాళ్లు ఉప్పుని చూసి భయపడతారు. రోడ్ల మీద ఐసు కరగాలని ట్రక్కుల్తో ఉప్పు చల్లుతారు. ఉప్పు నీళ్లు సున్నా దగ్గర గడ్డకట్టవు కాబట్టి రోడ్డు జారదు. మైనస్ 9 దాటితే మామూలు ఉప్పు పని బాగా మందగిస్తుంది, మైనస్ 21 కింద ఇక పనే చేయదు. అందుకని మరీ చలి ఉన్నప్పుడు కాల్షియం క్లోరైడ్ లాంటివి కలుపుతారు.

ఆ ఉప్పు నీళ్లన్నీ చిమ్మి కారు కిందా, తలుపుల అంచుల్లోనూ చేరతాయి. అక్కడినుంచి తుప్పు మొదలు. ఇప్పుడు ఆలోచించండి. ఉప్పుతో తడిసిన కారు మీద గాలాడని ప్లాస్టిక్ కవర్ కప్పితే ఏమవుతుంది? తేమ బయటికి పోదు. మధ్యాహ్నం ఎండకి లోపల కాస్త వెచ్చబడుతుంది. తుప్పుకి కావాల్సిన ఉప్పు, తడి, వెచ్చదనం మూడూ మనమే అమర్చిపెట్టినట్టు. పైగా గాలికి కవర్ కదిలిన ప్రతిసారీ ఉప్పు పలుకులు పెయింట్ మీద గరుకు కాగితంలా రుద్దుతాయి.

అందుకే రూల్ ఒక్కటే. కడిగి, ఆరాకే కప్పాలి. కడిగించేటప్పుడు కింద భాగం కూడా కడిగే ప్యాకేజీ తీసుకోండి, అసలు మురికంతా అక్కడే.

ఎవరికి ఏ కవర్?

రోజూ కారు తీసేవాళ్లకి ఫుల్ కవర్ వద్దు. రాత్రి తడి కారు మీద కప్పడం, పొద్దున్నే గడ్డకట్టినదాన్ని పీకడం, ఆ తడి కవర్ని డిక్కీలో కుక్కడం... వారం చేస్తే విసుగొస్తుంది. మీకు ముందు అద్దం కవర్ చాలు. రెండు పక్కల చెవులు తలుపుల్లో ఇరికించేది, సైడ్ మిర్రర్లకి తొడుగులున్నది చూసుకోండి. రాత్రి నిమిషం, పొద్దున నిమిషం. వాన పడి గడ్డకట్టే రాత్రి మాత్రం అదీ కప్పొద్దు, నా బెడ్‌షీట్ గతే పడుతుంది.

ఫుల్ కవర్ నిజంగా పనికొచ్చేది ఇండియా ట్రిప్‌కి. డిసెంబర్‌లో నాలుగు వారాలకి టికెట్ వేసుకుని, కారు పార్కింగ్‌లో వదిలి సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు మనలో ఎంతమందో. వాళ్లు చూడాల్సినవి ఇవి:

నీళ్లు లోపలికి రాకూడదు, ఆవిరి మాత్రం బయటికి పోవాలి. అలాంటి పొరల బట్టతో చేసినవి దొరుకుతాయి. లోపలి వైపు మెత్తటి బట్ట ఉండాలి. మీ కారు మోడల్ కొలతకే తీసుకోండి. వదులుగా ఉంటే గాలికి రాత్రంతా కొట్టుకుని పెయింట్ పాడుచేస్తుంది. కిందనుంచి బిగించే పట్టీలు తప్పనిసరి.

వెళ్లేముందు కడిగి ఆరబెట్టండి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. వాషర్ ట్యాంకులో ఇండియాలో అలవాటైనట్టు మామూలు నీళ్లు పోసుంటే ఖాళీ చేసి, గడ్డకట్టని చలికాలపు ద్రవం పోయండి. చదునైన చోట పార్క్ గేర్‌లో వదిలి హ్యాండ్‌బ్రేక్ వేయకండి, తడి గడ్డకట్టి పట్టేసే ప్రమాదం ఉంది. తాళం ఒకటి ఫ్రెండ్ దగ్గర పెట్టండి. మంచు తీసే బండి వచ్చినప్పుడు కారు జరపమని అపార్ట్‌మెంట్ వాళ్లు నోటీసిస్తే, మీరు ఖమ్మం నుంచి వచ్చి జరపలేరు కదా.

సిటీ రోడ్డు మీద పార్క్ చేసేవాళ్లకి ఇంకో మాట. షికాగోలో డిసెంబర్ 1 నుంచి ఏప్రిల్ 1 దాకా 107 మైళ్ల ముఖ్యమైన రోడ్ల మీద తెల్లవారుజాము 3 నుంచి 7 వరకు పార్కింగ్ నిషేధం. ఆ రోజు మంచు పడినా పడకపోయినా సరే. బండి లాక్కెళ్లాక కవర్ మాత్రమే మిగులుతుంది అనుకునేరు, అదీ బండితో పాటే పోతుంది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి

మీకు మంచు లేదు, దుమ్ముంది. దుమ్ము పట్టిన కారు మీద మంచు నీళ్లు పడి, దాని మీద కవర్ లాగితే సన్న గీతలు పడటం ఖాయం. ముందు దులిపి, తుడిచి, అప్పుడు కప్పండి. ఎక్కువ రోజులు కదలని కారు కవర్ కింద ఎలుకలు కాపురం పెట్టి వైర్లు కొరికేస్తాయి. వారానికోసారన్నా కవర్ తీసి, బానెట్ ఎత్తి చూసి, ఒక రౌండ్ తిప్పి రండి.

ఇక ఆ పాఠం

జనవరిలో ఒక ఆదివారం. రాత్రంతా మంచు పడింది. పొద్దున్నే రూమ్మేట్‌ని ఎయిర్‌పోర్ట్‌లో దింపాలి, లేటైంది. ఇద్దరం ముందు వైపు కవర్ పైకెత్తాం. వెనక వైపు గడ్డకట్టి రాలేదు.

"మావా, నువ్వు లోపల కూర్చుని హీటర్ ఆన్ చెయ్. కరిగితే అదే ఊడొస్తది" అన్నాను.

వాడు ఇంజన్ స్టార్ట్ చేసి తలుపేసుకుని కూర్చున్నాడు. నేను పైకెళ్లి పార తెచ్చి ముందు చక్రాల దగ్గర మంచు తవ్వుతున్నాను. వెనక బంపర్ సగం దాకా మంచు, దాని మీద కవర్ అంచు. సైలెన్సర్ గొట్టం ఆ రెండిటి కిందే ఉందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

పక్క బ్లాక్‌లో ఉండే ఒక పెద్దాయన కుక్కని తిప్పుతూ అటొచ్చాడు. మా కారు చూసి ఒక్కసారిగా అరిచాడు. నాకు అర్థమయ్యేలోపే వచ్చి తలుపు లాగి తెరిచాడు. ఇంజన్ ఆపమన్నాడు. మావాడు దిగాడు గానీ నిలబడలేక కారు పట్టుకున్నాడు. "తల పగిలిపోతోందిరా, నిద్ర సరిపోలేదేమో" అన్నాడు. అది నిద్ర కాదు. గొట్టం మూసుకుపోతే పొగకి దారి లేక కారు కిందనుంచి లోపలికే వస్తుంది. అందులో ఉండేది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట, అంతకన్నా రెండొందల రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. తలనొప్పి, వికారం, మగత, ఆ తర్వాత స్పృహ ఉండదు. నిద్రొస్తోంది అనుకుంటూనే పోతారు.

ఆ పెద్దాయనే అంబులెన్స్‌కి ఫోన్ చేశాడు. ఆసుపత్రిలో కొన్ని గంటలు ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి ఇంటికి పంపేశారు. ఫ్లైట్ పోయింది, మనిషి దక్కాడు. ఇంకో పది నిమిషాలు ఆ కుక్క అటు రాకపోయుంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ పూర్తిగా ఆలోచించను.

అందుకే మంచు రోజు నా వరస ఇది. మొదట సైలెన్సర్ గొట్టం దగ్గర మంచు తవ్వడం. తర్వాత కవర్ మొత్తం తీసి మడిచి పక్కన పెట్టడం. అప్పుడే తాళం తిప్పడం. ఇంజన్ నడుస్తుండగా, మంచు తీయడం పూర్తయ్యేదాకా లోపల ఎవరూ కూర్చోకూడదు. ఫోన్ యాప్‌తో ఇంట్లోంచే స్టార్ట్ చేసే కార్లున్నవాళ్లు మరీ జాగ్రత్త. కవర్ ఉండగా ఆ బటన్ నొక్కితే వేడి గొట్టానికి కవర్ కరిగి అతుక్కోవచ్చు, మంటలూ రావచ్చు. గ్యారేజీలో అయితే తలుపు తెరిచున్నా సరే ఇంజన్ ఆన్‌లో ఉంచొద్దు.

అద్దం మీద వేడి నీళ్లు పోయొద్దు, పగులుతుంది. టాపు మీది మంచు అలాగే వదిలి రోడ్డెక్కొద్దు. బ్రేకేస్తే జారి మీ అద్దం మీదే పడుతుంది, లేదా ఎగిరి వెనకవాడి మీద పడుతుంది. న్యూజెర్సీలో దాన్ని తీయకుండా నడిపితే జరిమానా కూడా ఉంది.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాటి నుంచి ఆయన ప్రశ్న మారింది.

"ఏరా, గొట్టం చూశావా?"

చూశాను నాన్నా. రోజూ అదే ముందు చూస్తున్నాను.