మూత బిగించాక మొదలయ్యే పని: ఇంటి బీరుపై అపోహలు – వాస్తవాలు

ఇంట్లో బీరు తయారుచేసే కొత్తవాళ్లు మాల్ట్ కాచడం, చల్లార్చడం, ఈస్ట్ వేయడం దాకా ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తారు. సీసాల్లో నింపే రోజుకి మాత్రం పనైపోయిందనుకుంటారు. నిజానికి మూత పడ్డాక కూడా ఈస్ట్ బతికే ఉంటుంది, సీసాలో బీరును మరోసారి పులియబెడుతుంది. బీరులో గ్యాస్ నిలిచేది అప్పుడే. ఈ సంగతి మనసులో లేకపోవడం వల్లే చాలా తప్పులు జరుగుతున్నాయి.

ముందుగా చట్టం మాట. అమెరికాలో 1978లో జిమ్మీ కార్టర్ సంతకంతో ఇంటి బీరుకు ఫెడరల్ అనుమతి వచ్చింది. ఇంట్లో పెద్దవారు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు అంతకుమించి ఉంటే 200 గ్యాలన్లు చేసుకోవచ్చు, అమ్మకూడదు. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013లో గానీ ఒప్పుకోలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా, అనుమతి ఉన్న దేశాల్లో స్థిరపడి ఈ పనిమీద మక్కువ పెంచుకున్న మనవాళ్ల కోసం.

అపోహ: ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగితే పులియడం పూర్తయినట్టే.

సీసాలు పేలడానికి దారితీసే నమ్మకాల్లో ఇది ముందుంటుంది. ఎయిర్‌లాక్ అంటే పులిసే బకెట్ మూతకు బిగించే, గ్యాస్‌ను బయటికి వదిలే గొట్టం. ఆ మూత కాస్త వదులుగా ఉన్నా గ్యాస్ పక్కనుంచి పోయి బుడగలు కనిపించవు. గది వేడెక్కితే పులియడం ముగిసిన బీరు కూడా బుడగలు వదులుతుంది. నమ్మదగింది హైడ్రోమీటరు ఒక్కటే. రెండు మూడు రోజుల తేడాతో సాంద్రత రెండుసార్లు చూడండి. అంకె కదలకుండా, ఆ రకం బీరు ఆగాల్సిన చోటికి దగ్గర్లో ఉంటేనే సీసాలు తీయండి.

మామూలు బీరులో కరిగి ఉండే గ్యాస్ దాని పరిమాణానికి సుమారు రెండున్నర రెట్లు. సాంద్రత 0.001 తగ్గిందంటే సుమారు అర రెట్టు గ్యాస్ పుట్టినట్టు. 1.012 దగ్గర ఆగాల్సిన బీరును తొందరపడి 1.020 దగ్గరే సీసాలకెత్తితే, మనం కలిపే చక్కెర సంగతి అలా ఉంచి, నాలుగు రెట్ల గ్యాస్ అదనంగా చేరుతుంది. మామూలు గాజు సీసా అంత ఒత్తిడికి తయారైంది కాదు. అది పగిలితే గాజుముక్కలు గది అవతలి గోడదాకా ఎగురుతాయి. వారం ఆగితే తప్పిపోయే ప్రమాదం ఇది.

అపోహ: ఒక్కో సీసాలో చెంచాడు చక్కెర వేస్తే చాలు.

చెంచా కొలత ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఒక సీసా చప్పగా, పక్కది పొంగిపొర్లుతూ తయారయ్యేది అందుకే. చక్కెరను తూకం వేయాలి. లీటరుకు సుమారు 6 గ్రాముల కార్న్ షుగర్ చాలా రకాల బీర్లకు సరిపోతుంది. మామూలు పంచదారైతే పదోవంతు తగ్గించండి. కిట్‌తో వచ్చే ప్యాకెట్‌ను కళ్లు మూసుకుని మొత్తం పోయకండి. చాలా కిట్లలో 19 లీటర్లకని 140 గ్రాముల దాకా ఇస్తారు. అడుగున మడ్డి వదిలేశాక మీ చేతికొచ్చేది 17 లీటర్లే కావచ్చు. ఉన్న బీరును బట్టే చక్కెర.

ఆ చక్కెరను గ్లాసుడు నీళ్లలో మరిగించి, చల్లార్చి, శుభ్రం చేసిన ఖాళీ బకెట్‌లో ముందుగా పోయండి. దానిమీదికి బీరును సైఫన్ గొట్టంతో నెమ్మదిగా దించి, నురగ రాకుండా గరిటెతో ఒకసారి తిప్పండి. గొట్టం చివర ఎప్పుడూ బీరులో మునిగే ఉండాలి. పైనుంచి ధారగా పోస్తే ఆక్సిజన్ కలిసి కొన్ని వారాల్లో తడి అట్టపెట్టె వాసన పట్టుకుంటుంది. దాన్ని పోగొట్టే ఉపాయం లేదు.

అపోహ: వేడినీళ్లతో కడిగితే సీసా సిద్ధం.

కడగడం వేరు, సూక్ష్మజీవుల్ని చంపడం వేరు. అడుగున ఎండిన మడ్డి ఉంటే ఎంత మంచి శానిటైజరైనా దాని కిందికి చేరదు. ముందు బ్రష్‌తో రుద్ది కడిగి, తర్వాత శానిటైజర్‌లో ముంచాలి. స్టార్ శాన్ లాంటి శానిటైజర్లు చెప్పిన పాళ్లలో కలిపితే మళ్లీ కడగక్కర్లేదు. మిగిలిన నురగకు భయపడి కుళాయి నీళ్లతో కడిగితే చేసిన పని వృథా అయిపోతుంది.

అపోహ: ఏ సీసా అయినా ఒకటే.

మరతిప్పి తీసే మూతల సీసాలకు మూతలు బిగించే మామూలు పరికరం (క్యాపర్) బిగింపు సరిగ్గా కుదరదు, గ్యాస్ కారిపోతుంది. ఆకుపచ్చ, తెల్ల గాజు వెలుతురును ఆపవు. బీరుకు చేదునిచ్చే హాప్స్ పూలలోని పదార్థాలు వెలుతురు తగిలి దుర్వాసన పుట్టిస్తాయి. ముదురు గోధుమరంగు సీసాలే మేలు.

అపోహ: వారమైనా గ్యాస్ రాలేదంటే బీరు చెడినట్టే.

చలికాలంలో దోసెల పిండి పొంగనట్టే, చల్లటి గదిలో ఈస్ట్ మందగిస్తుంది. ఆత్రపడి ఫ్రిజ్‌లో పెడితే ఇంకా పడుకుంటుంది. 20 నుంచి 24 డిగ్రీల మధ్య రెండు వారాలు ఉంచండి. గాఢమైన బీర్లకు ఇంకా ఎక్కువ పడుతుంది. అప్పటికీ చప్పగా ఉంటే సీసాను మెల్లగా తలకిందులు చేసి, అడుగు ఈస్ట్‌ను కదిపి, వెచ్చటి చోట మరో వారం పెట్టండి. అడుగున ఉన్న ఆ పల్చటి పొర హానికరం కాదు. తేటగా గ్లాసులోకి వంచి, చివరి గుక్కెడు వదిలేస్తే సరి.

ఇక గ్యాస్ మరీ ఎక్కువైందని ఒక్క సీసా పొంగి చెప్పినా మిగతావాటిని వదిలేయకండి. కళ్లకు రక్షణ అద్దాలు, మందపాటి చేతి తొడుగులు వేసుకుని, సీసాలను తువాలులో చుట్టి ఫ్రిజ్‌లోకి చేర్చండి. చల్లబడితే ఒత్తిడి తగ్గుతుంది, ఈస్ట్ కూడా నెమ్మదిస్తుంది. ఒకరోజు తర్వాత మూతను ఓపెనర్‌తో కొంచెం లేపి, గ్యాస్ వదిలాక కొత్త మూత బిగించండి. పుల్లటి వాసన వస్తే లోపల వేరే సూక్ష్మజీవులు చేరాయన్నమాట. దాన్ని దాచిపెట్టకుండా పారబోయాలి.