ఒంటికాలి మీద ఉన్నాడు... జాగ్రత్త!

ఒంటికాలి మీద నిలబడ్డ మనిషిని పడేయడానికి ఎంత బలం కావాలి? తొక్కుడుబిళ్ల ఆడే పిల్లల్ని అడగండి... 'చిటికెన వేలు చాలు' అంటారు. మరి అలా నిలబడ్డవాడి మీదికి వంద కిలోల మనిషి పరుగెత్తుకుంటూ వచ్చి పడితే? అదీ, ఎదురుగా ఎవరొస్తున్నారో చూడకుండా బంతి మీదే కళ్లు పెట్టిన క్షణంలో!

రగ్బీ లీగ్‌లో బంతిని తన్నే ఆటగాడి పరిస్థితి అచ్చంగా ఇదే. ఒకరినొకరు ఢీకొట్టుకోవడమే ఆటగా సాగే ఆ మైదానంలో, ఒక్క మనిషికి ఒక్క క్షణం పాటు రక్షణ ఇవ్వాలంటుంది నిబంధన. వినడానికి చిన్న విషయమే. కానీ దీనిమీద జరిగినంత రభస అంతా ఇంతా కాదు. రిఫరీ ఈల ఊదితే సగం స్టేడియం 'అన్యాయం' అని అరుస్తుంది. ఊదకపోతే మిగతా సగం అరుస్తుంది!

ఆరుసార్లే... ఆపై తన్నుడే

సిడ్నీలోనో బ్రిస్బేన్‌లోనో పిల్లలున్న తెలుగు కుటుంబాలకు ఈ ఆట కొత్త కాదు. మార్చి వచ్చిందంటే అక్టోబరు మొదటి వారం దాకా వారాంతాల్లో అక్కడి టీవీల్లో సందడంతా 'ఎన్‌ఆర్‌ఎల్'దే... అంటే నేషనల్ రగ్బీ లీగ్. మనకు 'రగ్బీ' అనగానే గుర్తొచ్చే రగ్బీ యూనియన్ వేరు, ఇది వేరు. రెండూ ఒకే తల్లి బిడ్డలు. 1895లో ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో విడిపోయాయి. గొడవంతా కూలి డబ్బు గురించి! ఆటకోసం పని మానుకున్న గని కార్మికులకూ మిల్లు కార్మికులకూ పోయిన కూలి ఇవ్వాలన్నారు ఉత్తరాది క్లబ్బులవాళ్లు. పెద్దలు ఒప్పుకోలేదు. వేరు కుంపటి పెట్టుకున్నారు. ఆ కుంపటే క్రమంగా రగ్బీ లీగ్ అయింది. 1908లో సిడ్నీలోనూ పోటీలు మొదలయ్యాయి.

ఆట సంగతి క్లుప్తంగా ఇదీ. జట్టుకు 13 మంది. 80 నిమిషాలు. బంతి చేతిలో ఉన్నవాణ్ని ఎదుటి జట్టువాళ్లు పట్టి పడేస్తారు. లేచి మళ్లీ ఆడతాడు. అలా ఆరుసార్లు పట్టుబడితే బంతి అవతలి జట్టుకు ఇచ్చేయాలి. ఎలాగూ పోయే బంతి... ఉన్నచోటే ఇచ్చేయడం ఎందుకు? అందుకే అయిదుసార్లు పట్టుబడ్డాక దాన్ని వీలైనంత దూరం తన్నేస్తారు. అంటే ఒక మ్యాచ్‌లో పదుల సార్లు ఎవరో ఒకరు బంతిని తన్నాల్సిందే. ఆ పని చాలావరకు జట్టులో ఒకరిద్దరిదే. వాళ్లే సాధారణంగా జట్టు మెదడు కూడా. వ్యూహం వాళ్లదే, తన్నుడూ వాళ్లదే. ఎదుటివాళ్లకు గురీ వాళ్లే!

పైగా గెలుపోటములు తేల్చేదీ ఆ కాలే. 2015 ఎన్‌ఆర్‌ఎల్ ఫైనల్లో నార్త్ క్వీన్స్‌లాండ్, బ్రిస్బేన్ జట్లు 16-16తో సమంగా నిలిచాయి. అదనపు సమయంలో జొనాథన్ థర్‌స్టన్ తన్నిన ఒక్క 'ఫీల్డ్ గోల్', ఒకే ఒక్క పాయింటు... నార్త్ క్వీన్స్‌లాండ్‌కు మొట్టమొదటి టైటిల్ తెచ్చిపెట్టింది. 2021 నుంచి 40 మీటర్లు దాటిన దూరం నుంచి ఫీల్డ్ గోల్ కొడితే రెండు పాయింట్లు ఇస్తున్నారు. అంత విలువైన తన్నును ఆపాలని ఎదుటివాడు ప్రాణం పెట్టి పరుగెత్తడంలో వింతేముంది?

ఆ శుక్రవారం...

అదే 2015లో, ఏప్రిల్ 3. గుడ్‌ఫ్రైడే. సిడ్నీ ఒలింపిక్ పార్కు స్టేడియంలో కాంటర్‌బరీ బుల్‌డాగ్స్, సౌత్ సిడ్నీ జట్ల మ్యాచ్. ఆట చివరి నిమిషాలకొచ్చింది. బుల్‌డాగ్స్ 17, సౌత్ సిడ్నీ 16. స్కోరు సమం చేయడానికి సౌత్ సిడ్నీ ఆటగాడు ఆడమ్ రేనాల్డ్స్ ఫీల్డ్ గోల్‌కు కాలెత్తాడు. దాన్ని అడ్డుకోవడానికి బుల్‌డాగ్స్ కెప్టెన్ జేమ్స్ గ్రాహమ్ దూకాడు. బంతి సంగతి అటుంచి, అతని శరీరం పోయి రేనాల్డ్స్ నేలమీద ఆన్చిన కాలిని ఢీకొంది. రేనాల్డ్స్ కుప్పకూలాడు.

రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు. మామూలుగా దాన్ని తన్నాల్సింది రేనాల్డ్సే. కానీ మోకాలి గాయంతో అతను లేవలేని స్థితి. బదులుగా బ్రైసన్ గుడ్విన్ తన్నాడు. రెండు పాయింట్లు. సౌత్ సిడ్నీ 18-17తో గెలిచింది.

అసలు రభస ఆ తర్వాత మొదలైంది. బయటికి వెళ్తున్న రిఫరీల మీద కొందరు ప్రేక్షకులు సీసాలు విసిరారు. వాటినుంచి తప్పించుకోబోయి అధికారుల్లో ఒకరు జారిపడి గాయపడ్డారు. 'బంతిని అడ్డుకోవడానికే కదా దూకాడు, ఇందులో తప్పేంటి?' అన్నది అభిమానుల కోపం. గ్రాహమ్ మీద మాత్రం నిషేధం పడింది. రేనాల్డ్స్ కొన్ని వారాలు ఆటకు దూరమయ్యాడు.

ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ విరిగే మోకాలికి ఉద్దేశంతో పనేముంది? వాదన అంతా ఇక్కడే ఉంది.

వందో వంతు సెకను

తన్నేటప్పుడు శరీరంలో ఏం జరుగుతుందో చూడండి. ఒక కాలు గాల్లో ఊగుతుంటుంది. మనిషి బరువంతా రెండో కాలిమీదే. నడుము మెలితిరిగి ఉంటుంది. బూటు అడుగున ఉండే మేకులు గడ్డిలో దిగబడి, ఆ పాదాన్ని కదలనివ్వవు. నడిచేవాణ్ని తోస్తే అడుగు వెనక్కి వేసి తమాయించుకుంటాడు. వీడికి వేయడానికి ఇంకో అడుగే లేదు! పక్కనుంచి దెబ్బ తగిలితే పాదం అక్కడే ఉండిపోతుంది, మోకాలు మాత్రం వంగకూడని వైపు వంగుతుంది. లోపలి లిగమెంటు తెగిందంటే శస్త్రచికిత్స, ఆపై దాదాపు తొమ్మిది నెలలు ఇంటిపట్టునే.

ఇక అడ్డుకునేవాడి వైపు నుంచి చూద్దాం. బూటుకూ బంతికీ మధ్య స్పర్శ సెకనులో వందో వంతు మాత్రమే. సెకనుకు ఏడు మీటర్ల వేగంతో వస్తున్నవాడికి 'బంతి వెళ్లిపోయింది' అని కంటికి తెలిసి, ఒళ్లు స్పందించడానికి పట్టే సమయం దాదాపు అయిదో వంతు సెకను. ఈలోపు అతను 1.4 మీటర్లు ముందుకొచ్చేస్తాడు! అంటే రెండడుగుల దూరంలో ఉన్నవాణ్ని 'ఆగు' అనడం అర్థంలేని మాట. ఆగలేడు.

అందుకే నిబంధన అతణ్ని ఆగమనదు. ఎలా వస్తున్నావో ముందే చూసుకో అంటుంది.

ఏది తప్పు... ఏది కాదు?

మూలసూత్రం పాతదే. బంతి చేతిలో ఉన్నవాణ్నే పట్టుకోవాలి. తన్నిన మరుక్షణం బంతి అతనిది కాదు. కాబట్టి ఆ తర్వాత పట్టుకుంటే 'ఆలస్యపు ట్యాకిల్'. అయితే అప్పటికే పట్టుకునే ప్రయత్నంలో ఉండి, ఆపుకోలేక తగిలినవాణ్ని రిఫరీ వేరుగా చూస్తాడు.

చేతులు పైకెత్తి బంతికి అడ్డం పెట్టడం పూర్తిగా సక్రమమే. 'ఛార్జ్ డౌన్' అనే ఈ విద్యను కోచ్‌లు పనిగట్టుకుని నేర్పుతారు. బంతి చేతులకు తగిలి ముందుకు పడినా తప్పు పట్టరు.

తప్పెక్కడంటే... నేలమీదున్న కాలివైపు పల్టీ కొట్టడం, బంతి వెళ్లిపోయాక భుజంతో గుద్దడం, తల మీదికి పోవడం. చేతులు వాడకుండా భుజంతో ఢీకొట్టడాన్ని ఎన్‌ఆర్‌ఎల్ 2013 నుంచి మైదానంలో ఎవరిమీదైనా సరే నిషేధించింది. తప్పు చేస్తే పెనాల్టీ. తీవ్రతను బట్టి పది నిమిషాలు బయట కూర్చోవాలి, లేదా ఇక ఆ మ్యాచ్‌కే సెలవు. ఆట అయ్యాక వీడియోలు చూసే కమిటీ 'ప్రమాదకర తాకిడి' కింద కేసు పెడితే జరిమానా, కొన్ని మ్యాచ్‌ల నిషేధం.

తన్నేవాడికి రక్షణ ఉంది కదా అని అతని జట్టు అతిచేయడానికీ లేదు. సహచరులు కదిలొచ్చి, పరుగెత్తుకొస్తున్నవాడి దారికి అడ్డుపడితే అదీ తప్పే.

పక్కింటి పద్ధతులు

ఈ చిక్కు ఒక్క రగ్బీ లీగ్‌దే కాదు. రగ్బీ యూనియన్‌లో తన్నినవాణ్ని ఆ తర్వాత గుద్దితే, తప్పు జరిగినచోట కాకుండా బంతి పడినచోట పెనాల్టీ తీసుకునే వెసులుబాటు ఉంది. అంటే దెబ్బతిన్న జట్టుకు తన్నిన తన్ను వృథా పోదు.

అమెరికన్ ఫుట్‌బాల్‌వాళ్లు ఇంకా తూకం వేసి పెట్టారు. తన్నేవాడికి ఊరకే తగిలితే 5 గజాల శిక్ష. గట్టిగా కొడితే 15 గజాలు. రెండో కాలు ఇంకా గాల్లో ఉండగా నేలమీది కాలిని తాకినా గట్టిగా కొట్టినట్టే లెక్క. కాకపోతే, ముందు బంతిని తాకి ఆ ఊపులో అతనికి తగిలితే తప్పు కాదు.

బంతి కోసం గాల్లోకి ఎగిరినవాడి విషయంలోనూ రగ్బీ లీగ్‌ది ఇదే నీతి. అవతలి జట్టు తన్నిన బంతిని పట్టుకోవడానికి ఎగిరినవాణ్ని పాదాలు నేలకు తాకేదాకా ముట్టుకోకూడదు. చూశారుగా... ఒంటికాలైనా, రెండు కాళ్లూ గాల్లో ఉన్నా సూత్రం ఒకటే. తనను తాను కాపాడుకోలేని స్థితిలో ఒకడున్నప్పుడు, అతణ్ని కాపాడే బాధ్యత ఎదుటివాడిది.

ఆట మెత్తబడిందా?

'ఇలాగైతే ఇక ఇదేం ఆట' అనే పాతకాలపు అభిమానులు చాలామందే ఉన్నారు. వాళ్ల మాటల్లో కొంత నిజం లేకపోలేదు. చిన్నగా తగిలినా పెద్దగా పడిపోయి పెనాల్టీ కోసం చూసే తన్నుడుగాళ్లూ లేకపోలేదు. నిదానంగా తిప్పి చూపించే రీప్లేలో ప్రతి తాకిడీ నేరంలాగే కనిపిస్తుంది. ఒకే రకం తాకిడికి ఒకవారం శిక్షపడి ఇంకోవారం పడకపోతే ఒళ్లు మండటం సహజం.

అయితే ఒక్కటి గమనించాలి. ఇంత జరిగినా రగ్బీ లీగ్‌లో గుద్దుకోవడం ఆగలేదు. వంద కిలోల మనుషులు ఇప్పటికీ ఎదురెదురుగా ఢీకొంటూనే ఉన్నారు. ఇద్దరి కాళ్లూ నేలమీద ఉండి, ఇద్దరికీ దెబ్బ వస్తోందని తెలిసి తలపడితే అది పోరాటం. ఒకడికి తెలియదు, తప్పుకోలేడు అన్నప్పుడు కొట్టేది పోరాటం ఎలా అవుతుంది? ఆ తేడా తెలియడమే ఆట.

ఆ రోజు కుప్పకూలిన రేనాల్డ్స్ మళ్లీ లేచాడు. పదేళ్లు గడిచాక, 2025 ఫైనల్లో మెల్‌బోర్న్ స్టార్మ్‌ను 26-22తో ఓడించి కప్పు గెలుచుకున్న బ్రిస్బేన్ జట్టుకు కెప్టెన్ అతనే. ఒక మోకాలు బాగుపడితే ఆ వెనుక ఎన్ని ఆటలు ఉంటాయో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?