నల్లరేగడి నేలలో కవిత్వం

ప్రేమ, ప్రకృతి, భక్తి, జీవన సంఘర్షణ అనాదిగా కవిత్వానికి వస్తువులు. అధ్యయన సౌలభ్యం కోసం మనం వీటిని వేర్వేరు శాఖలుగా విభజించుకొంటాం. కాని మనిషి బ్రతుకులో ఇవి విడివిడిగా ఉండవు. మిరప కల్లంలో కాయలు ఏరుతున్న స్త్రీకి సాయంకాలపు మబ్బు కంటికి ఇంపైన దృశ్యమే. అది వానగా మారితే పంట తడిసిపోతుందన్న భయం కూడా. ఇంటి వద్ద విడిచి వచ్చిన బిడ్డపై మమకారం, వేల్పుకు మ్రొక్కిన మ్రొక్కు, చేతికి రావలసిన కూలి ఆమె మనసులో ఒక్కసారే మెదలుతాయి. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పత్తి, మిరప చేల నడుమ పుట్టిన కవిత్వంలో ఈ కలయిక స్పష్టంగా కనిపిస్తుంది. అందుకు ఉత్తమ ఉదాహరణ గుర్రం జాషువా రచించిన 'గబ్బిలం'.

జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించాడు. చిరకాలం గుంటూరు జిల్లాలో ఉన్న ఈ పట్టణం 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరింది. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఆయన బాల్యం నుండి అస్పృశ్యతా బాధను అనుభవించాడు. ఆ అవమానాల నడుమనే సంస్కృతాంధ్ర కావ్యాలను అభ్యసించి, పద్యరచనలో అసాధారణమైన పట్టు సాధించాడు. 'ఫిరదౌసి', 'ముంతాజు మహలు', 'క్రీస్తు చరిత్ర' ఆయన ప్రసిద్ధ రచనలు. వీటిలో 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

'గబ్బిలం' 1941లో వెలువడింది. దీనికి నమూనా కాళిదాస మహాకవి 'మేఘసందేశం'. ఆ కావ్యంలో కుబేరుని శాపానికి గురైన యక్షుడు రామగిరిపై నివసిస్తూ, అలకాపురిలో ఉన్న ప్రియురాలికి మేఘం ద్వారా సందేశం పంపుతాడు. జాషువా ఈ చట్రాన్ని స్వీకరించి, అందులోని ప్రతి అంశాన్నీ మార్చివేశాడు. యక్షుని స్థానంలో అంటరానివాడుగా ముద్రపడిన పేద శ్రమజీవి నిలిచాడు. ప్రియురాలి స్థానంలో కాశీ విశ్వనాథుడు ఉన్నాడు. మేఘానికి బదులు గబ్బిలం దూత అయింది.

ఈ మార్పులలోనే కావ్య హృదయం ఉన్నది. గబ్బిలాన్ని లోకం అపశకునంగా భావిస్తుంది. అయినా దానికి గుడిలో ప్రవేశం ఉన్నది. నాయకుడు మనిషే; అయినా అతనికి గడప వద్దనే నిషేధం. అందువల్ల మనిషి తన మొరను దేవుని చెవిని వేయమని గబ్బిలాన్ని ప్రార్థించవలసి వచ్చింది. ఇంతకంటె సూటియైన విమర్శ ఏముంటుంది? యక్షుని శాపానికి ఒక సంవత్సరం గడువు ఉన్నది. ఇతని వెలికి గడువు లేదు. ఇతడు చేసిన నేరమూ లేదు.

ఇక్కడ ప్రకృతి కేవలం వర్ణనకు పరిమితం కాలేదు. లోకం ఏవగించుకొనే ఒక జీవి, లోకం వెలివేసిన మనిషికి ఆత్మబంధువైంది. ఈ కావ్యంలోని ప్రేమ స్త్రీపురుషుల విరహం కాదు; సాటి మనిషి ఆదరణ కోసం పడే ఆర్తి. భక్తి సైతం మూగగా తలవంచేది కాదు. నాయకుడు దేవుని కాదనలేదు. తనకూ దేవునికీ మధ్య నిలిచిన అడ్డుగోడను ప్రశ్నించాడు. తన రెక్కల కష్టంతో పండిన పంట తన కడుపు నింపకపోవడమేమని నిలదీశాడు. ఈ విధంగా నాలుగు వస్తువులూ ఒకే గొంతులో పలికాయి.

జాషువా 1971 జూలై 24న పరమపదించాడు. ఆయన లేవనెత్తిన ప్రశ్నకు మాత్రం కాలం చెల్లలేదు. 1985 జూలై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో, 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో దళితులు హత్యకు గురయ్యారు. ఈ ఘటనలు తెలుగు కవిత్వాన్ని తీవ్రంగా కదిలించాయి. 1995లో వెలువడిన 'చిక్కనవుతున్న పాట' సంకలనం ఆనాటి దళిత కవుల గొంతులను ఒకచోట చేర్చింది. జాషువా పద్యంలో దేవునికి విన్నవించిన బాధను వీరు వచన కవితలో నేరుగా సమాజం ముందు ఉంచారు. వినిపించే మార్గం మారింది, వేదన మారలేదు.

గుంటూరు జిల్లా నెక్కల్లు గ్రామంలో జన్మించిన పాపినేని శివశంకర్ ఈ ప్రాంతపు సమకాలీన కవులలో ప్రముఖుడు. ఆయన 'రజనీగంధ' కవితా సంపుటికి 2016లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 'ఆకుపచ్చని లోకంలో' ఆయన మరొక కవితా సంపుటి.

కాబట్టి ఒక కవితను చదివేటప్పుడు అది ఏ శాఖకు చెందినదని మాత్రమే చూస్తే చాలదు. అందులో మాట్లాడుతున్నది ఎవరు, ఎవరితో మాట్లాడుతున్నారు, ఆ మాట నేరుగా చెప్పుకొనే వీలు వారికి ఉన్నదా అని విచారించాలి. 'గబ్బిలం' చదివిన విద్యార్థికి ఈ మూడవ ప్రశ్నయే అన్నిటికంటె ముఖ్యమైనదని బోధపడుతుంది. దూత అవసరం లేకుండా ప్రతి మనిషి తన మాటను తానే చెప్పుకోగలిగిన సమాజమే జాషువా కోరుకొన్నది.