ర్యాలీ ఆట – దొంగ కాపీ

బదిలీ మీద వెళ్ళే మిత్రులు ఏదో ఒక గుర్తు ఇచ్చి వెళ్తారు. పోయిన ఏడాది మా క్వార్టర్స్ నుంచి జోర్హాట్ వెళ్తూ ఒక మిత్రుడు మా అన్నాచెల్లెళ్ళిద్దరికీ ఒక పెన్ డ్రైవ్ ఇచ్చాడు. అందులో కారు ర్యాలీ ఆట, దానితోపాటు 'క్రాక్' అనే ఫైలు ఉన్నాయి. "ముందు యాంటీవైరస్ ఆపెయ్యండి, లేకపోతే ఆట తెరుచుకోదు" అన్నాడు. మేము అలాగే చేశాం. ఆట భలేగా ఉంది. కానీ వారం తిరగకుండానే కంప్యూటర్ మొరాయించింది. అంతా తుడిచేసి విండోస్ మళ్ళీ వేయించాల్సి వచ్చింది. మేము చిన్నప్పుడున్న ఊళ్ళ ఫొటోలన్నీ దాంతోనే పోయాయి. నాన్నగారు తిట్టలేదు. "తలుపు తీసి పెట్టింది మీరే కదా!" అన్నారంతే. ఆ తర్వాత మేము తెలుసుకున్న సంగతులు ఇవి.

ర్యాలీ అంటే ఏమిటి?

మామూలు కారు పందెంలో కార్లన్నీ ఒకే ట్రాక్ చుట్టూ తిరుగుతాయి. ర్యాలీలో రాకపోకలు ఆపిన రోడ్డును కొన్ని 'స్టేజ్'లుగా విడగొడతారు. కార్లు ఒకదాని వెనుక ఒకటి, కొంత వ్యవధి ఇచ్చి బయలుదేరతాయి. అందుకే పోటీ పక్క కారుతో కాదు, గడియారంతో. డ్రైవర్ పక్కన కో-డ్రైవర్ ఉంటాడు. ఇద్దరూ ముందే ఆ దారిని నెమ్మదిగా చూసి వచ్చి 'పేస్ నోట్స్' రాసుకుంటారు. "కుడి 4, వంద మీటర్లు, ఎడమ 2" అని కో-డ్రైవర్ చదువుతుంటే, ఇంకా కనిపించని మలుపుకు డ్రైవర్ సిద్ధమవుతాడు. అంకె చిన్నదైతే మలుపు ఇరుకని చాలామంది లెక్క. ఫిన్లాండ్‌లో కంకర దారి మిట్టల మీద కార్లు గాలిలోకి లేస్తాయి. మాంటే కార్లో ర్యాలీలో జనవరి మంచు జారుతుంది. మన దేశపు ర్యాలీ డ్రైవర్ గౌరవ్ గిల్‌కు 2019లో అర్జున అవార్డు వచ్చింది.

ఆటలో భౌతికశాస్త్రం

ర్యాలీ సిమ్యులేషన్ అంటే ఈ అనుభవాన్ని లెక్కలతో కట్టడం. నాలుగు చక్రాల మీద ఎంత బరువు పడుతోంది, ఏది ఎంత జారుతోంది, కింద ఉన్నది తారా, కంకరా, మంచా అని కంప్యూటర్ సెకనుకు ఎన్నోసార్లు లెక్కిస్తుంది. బ్రేకు వేస్తే బరువు ముందు చక్రాల మీదికి వస్తుంది, వాటికి పట్టు పెరుగుతుంది. వెనుక భాగం తేలికై పక్కకు జారుతుంది. ఘర్షణ పాఠం మాకు ఇక్కడే బాగా అర్థమైంది!

ఈ రకం ఆటల్లో బాగా పేరున్నది 2004లో వార్థాగ్ సంస్థ తయారుచేసిన 'రిచర్డ్ బర్న్స్ ర్యాలీ'. బర్న్స్ 2001లో ప్రపంచ ర్యాలీ విజేత అయిన ఇంగ్లండ్ డ్రైవర్. మెదడులో కణితి వల్ల 2005లో చనిపోయారు. వార్థాగ్ సంస్థ కూడా ఇప్పుడు లేదు. అయినా అభిమానులు కొత్త దారులు, కొత్త కార్లు చేర్చుకుంటూ ఆ ఆటను ఇప్పటికీ ఆడుతున్నారు.

దుకాణంలో దొరకకపోతే?

'కంపెనీయే లేనప్పుడు కాపీ చేస్తే తప్పేమిటి?' అని మేమూ అనుకున్నాం. కానీ కంపెనీ మూతపడినా కాపీరైట్ పోదు. ఇల్లు, పొలంలాగే అది ఇంకొకరి చేతికి వెళ్తుంది. మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును కథలు, పుస్తకాలలాగే సాహిత్య రచనగా చూస్తుంది. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ళ వరకు జైలు, జరిమానా ఉన్నాయి. లాభం కోసం కాకపోతే జరిమానాతో సరిపెట్టే అధికారం కోర్టుకు ఉంది. అదే చట్టం, న్యాయంగా మన దగ్గరున్న ప్రోగ్రాము పాడవకుండా ఒక కాపీ తీసి దాచుకోనిస్తుంది కూడా.

రెండో వైపు కూడా చెప్పాలి. ఆ కాలంలో చాలా ఆటల డిస్కులకు 'సేఫ్ డిస్క్' అనే తాళం ఉండేది. 2015లో వచ్చిన విండోస్ 10 ఆ తాళాన్ని గుర్తించడం మానేసింది. దాంతో డబ్బు పెట్టి కొన్నవాళ్ళ డిస్కులు పనిచేయలేదు, తాళం పగలగొట్టిన దొంగ కాపీలేమో నడిచాయి. ఇది అన్యాయమే అని మాకు అనిపిస్తుంది. అయితే, ఆ క్రాక్ రాసింది ఎవరో, అందులో ఇంకేం దాచారో మనకు తెలియదు. యాంటీవైరస్ ఆపమన్నప్పుడే మేము ఆగి ఆలోచించాల్సింది.

మరి ఏం చేయాలి?

కొత్త ఆట ధర మా పాకెట్ మనీకి అందదు. అందుకే ఉచితంగా, చట్టబద్ధంగా దొరికేవి వెతికాం. 'ట్రిగ్గర్ ర్యాలీ', 'స్టంట్ ర్యాలీ' అలాంటివే. వాటిని కాపీ చేసి మిత్రులకు ఇవ్వవచ్చు, లోపలి ప్రోగ్రామును చదవవచ్చు, మార్చవచ్చు కూడా. తయారుచేసినవాళ్ళే ఆ అనుమతి ఇచ్చారు.

ఈ సంగతి జోర్హాట్ మిత్రుడికి ఫోన్‌లో చెప్పాం. ఇప్పుడు ప్రతి ఆదివారం అతను అక్కడ, మేము ఇక్కడ ఒకే స్టేజ్ ఆడి, పట్టిన సమయం ఒకరికొకరు పంపుకుంటాం. పోటీ గడియారంతోనే కదా, ఊళ్ళు వేరైతేనేం? పోయిన వారం మమ్మల్ని మూడు సెకన్ల తేడాతో ఓడించాడు. ఈ ఆదివారం చూస్తాం!