బొమ్మ ఆగింది... ఎవర్ని తిట్టాలి?

వెనకటికి సినిమా హాల్లో బొమ్మ ఆగిందంటే ఎవర్ని తిట్టాలో నేల క్లాసు నుంచి బాల్కనీ దాకా అందరికీ తెలుసు. వెనక్కి తిరిగి, గోడలో ఉన్న ఆ చిన్న కంతకేసి చూసి "ఓరి ఆపరేటరూ!" అని ఒక్క కేక! ఈలలు సరేసరి. పాపం ఆయన లోపల తెగిన ఫిల్ము అతికిస్తూనో, కార్బన్లు సరిచేస్తూనో చెమటలు కక్కుతుండేవాడు. కాసేపటికి బొమ్మ మళ్ళీ పడేది.

ఇప్పుడు బొమ్మ ఇంటికే వచ్చేసింది. విలన్ కాలరు మీద హీరో చెయ్యి వెయ్యబోతాడు... అంతే! తెర మధ్యలో ఓ చిన్న చక్రం గిర్రున తిరుగుతూ కూర్చుంటుంది. వెనక్కి తిరిగితే గోడే తప్ప కంత లేదు. ఎవర్ని తిట్టాలి?

"కంపెనీవాణ్ణి!" అంటారు చాలామంది. తెనాలిలో మా బావ కూడా అదే అన్నాడు. ఆ కథ చెబుతాను వినండి.

మా మేనకోడలికి డబ్బింగు చెప్పాలని పిచ్చి. (తెనాలి గాలి అలాంటిది మరి! కృష్ణ, జగ్గయ్య, గుమ్మడి ముగ్గురూ ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే.) హైదరాబాదులో ఓ స్టూడియో నుంచి "సోమవారం 11 గంటలకి వీడియో కాల్లో రెండు సీన్లు చెప్పించుకుని వింటాం" అని కబురొచ్చింది. ఎదురుచూడగా ఎదురుచూడగా వచ్చిన మొదటి పిలుపు. నేను శనివారం సాయంత్రం వెళ్ళేసరికి ఇల్లంతా శోకరసం! వెనకగదిలో కూర్చుని స్నేహితురాలితో రిహార్సలు వేసుకుందట. "నన్ను వదిలి వెళ్ళకు నాన్నా" అన్న డైలాగు అవతలికి "నన్ను వది... న్నా" అని వెళ్ళింది. "మధ్యలో ఈ వదినెవరే?" అని అడిగిందట ఆ పిల్ల. ముఖం చూస్తే నోరు తెరిచింది తెరిచినట్టే బిగుసుకుపోయింది.

"మామయ్యా, సోమవారం కూడా ఇలాగే అయితే నన్నింక పిలవరు" అంది. కళ్ళల్లో నీళ్ళు నిజమైనవే, నటన కాదు.

బావ అప్పటికే చేతిలో పిన్నీసు పట్టుకుని వైఫై డబ్బా మీదికి వెళ్తున్నాడు. దాని వెనక చిన్న కంత ఉంటుంది, రీసెట్ అని. "ఆగు బావా!" అని కేక పెట్టాను. ఆ కంతలో గుచ్చి పట్టుకుంటే డబ్బాలో కంపెనీవాళ్ళు రాసిపెట్టిన పేరూ, పాస్‌వర్డూ, సమస్తం చెరిగిపోతాయి. తర్వాత వాళ్ళ కుర్రాడు వచ్చేదాకా దిక్కుండదు. ఆదివారం ఎవడొస్తాడు? స్విచ్చి ఆపి అరనిమిషం ఆగి మళ్ళీ వెయ్యడం వేరు, పిన్నీసుతో గుచ్చడం వేరు. మొదటిది నిద్ర లేపడం, రెండోది గతం మరిచిపోయేలా తలమీద కొట్టడం! మన పాత సినిమాల్లో అయితే రెండో దెబ్బకి జ్ఞాపకం తిరిగొచ్చేది. డబ్బాకి రాదు.

అసలు తెలుసుకోవాల్సింది ఒక్కటే. ఇంటర్నెట్టు వేరు, వైఫై వేరు. వీధిలోంచి ఇంట్లోకి సన్నని వైరు మీద వచ్చేది ఇంటర్నెట్టు. ఆ డబ్బా దగ్గర్నుంచి మీ చేతిలో ఫోను దాకా గాలిలో వెళ్ళేది వైఫై. మొదటిది కంపెనీది, రెండోది మన ఇంటిది. బొమ్మ ఎక్కడ ఆగిందో తేలకుండా ఎవర్ని తిట్టినా దండగే.

తేల్చడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. ఫోను పట్టుకుని డబ్బా పక్కనే నిలబడి స్పీడు పరీక్ష పెట్టాను. బావ కట్టేది 100 ఎంబీపీఎస్ ప్లాను. 90 దాటి చూపించింది. అదే ఫోనుతో వెనకగదిలోకి వెళ్ళి పెడితే... 3! "చూశావా బావా? కంపెనీవాడు నిర్దోషి. ముద్దాయి ఇంట్లోనే ఉన్నాడు" అన్నాను. పక్కన నిలబడ్డా 3 వచ్చి ఉంటే కథ వేరుగా ఉండేది.

ఇక ముద్దాయి వేట. హాల్లో టీవీ షోకేసు అడుగు అరలో, టీవీకి వెనకాల, ఇత్తడి ఏనుగుబొమ్మల చాటున ఉంది డబ్బా. అందం చెడుతుందని మా అక్కయ్యే పెట్టించింది. అక్కణ్ణుంచి వెనకగదికి మధ్యలో రెండు పాతకాలం గోడలు, అడుగున్నర మందం. ఒక గోడకి ఆనుకుని నిలువుటద్దం ఉన్న ఇనప బీరువా. ఇనుము వైఫైని వెనక్కి కొట్టేస్తుంది. అద్దం వెనక పూత కూడా అంతే. నీళ్ళున్న చేపల తొట్టి అయితే మింగేస్తుంది. ఇన్ని అడ్డాలు దాటుకుని 3 అయినా వచ్చిందంటే మెచ్చుకోవాలి!

ఈ డబ్బాలు చాలావరకు రెండు గొంతులతో మాట్లాడతాయి. 2.4 గిగాహెర్ట్జ్ గొంతు పాతకాలం రంగస్థల నటుడిది. మైకు లేకుండా చివరి వరసకి వినిపిస్తుంది, కాని పద్యం నెమ్మదిగా సాగుతుంది. 5 గిగాహెర్ట్జ్ గొంతు మాటల తూటా. మహా వేగం, గోడ అడ్డొస్తే మాత్రం పీలగా అయిపోతుంది. డబ్బా ఉన్న గదిలో సినిమా చూడ్డానికి 5, దూరపు గదికి 2.4.

మరి అందరూ 2.4లోనే ఉంటే హాయి కదా అంటారేమో! అక్కడే ఉంది చిక్కు. వీధిలో ప్రతి ఇంటి డబ్బా అందులోనే అరుస్తుంది. బ్లూటూత్ అందులోనే. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా దాదాపు అక్కడే, 2.45 దగ్గర. ఎవరో ఉప్మా వేడి చేసుకుంటే మీ హీరో మాట తడబడొచ్చు.

ఈ "ఒకే ఫ్రీక్వెన్సీలో ఇంకొకడు అడ్డం రావడం" అనే సమస్యతో ఒకప్పుడు కుస్తీ పట్టింది ఎవరో తెలుసా? హాలీవుడ్ అందాల తార హెడీ లామార్! 1914లో వియన్నాలో పుట్టి, 1949లో వచ్చిన 'శాంసన్ అండ్ డిలైలా'లో డిలైలాగా వేసిన ఆవిడే. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, సంగీత దర్శకుడు జార్జి ఆంథైల్‌తో కలిసి ఆవిడ ఒక ఉపాయం కనిపెట్టింది. టార్పెడోని రేడియోతో నడిపిస్తే శత్రువు అదే ఫ్రీక్వెన్సీలో రొద పెట్టి దారి తప్పిస్తాడు. అందుకని పంపేవాడూ అందుకునేవాడూ ఇద్దరూ కూడబలుక్కుని ఫ్రీక్వెన్సీ నుంచి ఫ్రీక్వెన్సీకి గెంతుతూ పోవాలి! పియానోకి 88 మెట్లు, వీళ్ళ పథకంలో ఫ్రీక్వెన్సీలూ 88. పేటెంటు 1942 ఆగస్టు 11న వచ్చింది. ఆ యుద్ధంలో అమెరికా నౌకాదళం దాన్ని వాడుకోలేదు.

"వైఫై కనిపెట్టిన హీరోయిన్" అని రాసేవాళ్ళున్నారు. అది కాస్త పబ్లిసిటీ పోస్టరు లాంటి మాట. 1997లో వచ్చిన మొదటి వైఫై ప్రమాణంలో ఈ గెంతే పద్ధతి ఒకటిగా ఉండేది, తర్వాత వదిలేశారు. మీ చెవిలో పెట్టుకునే బ్లూటూత్ మాత్రం ఈనాటికీ గెంతుతూనే ఉంది. ఆవిడ గొప్పకి ఆ నిజం చాలదూ?

మన డబ్బా అలా గెంతదు కాబట్టి దాని చోటు మనమే చూడాలి. 2.4లో ఒకదాన్నొకటి తొక్కుకోని చానళ్ళు మూడే: 1, 6, 11. డబ్బా అడుగున చీటీ మీద అడ్రసు ఉంటుంది. దాన్ని ఫోను బ్రౌజర్లో కొడితే చానల్ మార్చే పేజీ వస్తుంది. చుట్టుపక్కల ఎవరు ఏ చానల్లో ఉన్నారో చూపించే యాప్‌లూ ఉన్నాయి. బావ వీధిలో అందరూ 6 మీదే పడి ఉన్నారు. మాది 1కి మార్చాను.

అయితే అసలు మలుపు అది కాదు, డబ్బా జాగా మార్చడం. షోకేసు వెనక వైరు చుట్ట కట్టి వదిలేశాడు బిగించిన కుర్రాడు, మా అదృష్టం! దాన్ని విప్పి, డబ్బాని రెండు గదుల మధ్య గుమ్మం పక్కన అటక మీద పెట్టాం. ఆ వైరు లోపల ఉండేది గాజుపోగు సుమండీ. మడత పెడితే వెలుగు జారిపోతుంది, గట్టిగా వంచితే పుటుక్కుమంటుంది. గుండ్రంగా తిప్పుతూ తీసుకెళ్ళాలి. ఇక వెనకగదిలో పరీక్ష పెడితే 30 దాటింది. మా మేనకోడలి ముఖంలో ఈస్ట్‌మన్ కలరు!

30 చాలా అంటారా? హెచ్.డి. సినిమాకి 5 ఉంటే చాలు. 4కె బొమ్మకి 15 కావాలి. వీడియో కాల్‌కి అంత అక్కర్లేదు గాని, రావడం ఎంతో పోవడమూ అంత బాగుండాలి. మధ్యలో తెగకూడదు. స్పీడు పరీక్షలో అప్‌లోడ్ అనే రెండో అంకెని మనం చూడం. డబ్బింగు పిల్లకి అదే ముఖ్యం.

ఆదివారం రాత్రి 9 గంటలకి, ఊరంతా సినిమాలు చూసే వేళ, లాప్‌టాప్‌కి లాన్ వైరు తగిలించి మళ్ళీ చూశాం. తగ్గలేదు. తగ్గి ఉంటే అప్పుడు కంపెనీకి ఫోను చెయ్యొచ్చు. "నెట్టు స్లో" అని కాదు, "వైరు పెట్టి చూసినా రాత్రి 9కి ఇంతే వస్తోంది" అని టైముతో, అంకెతో చెప్పాలి. అప్పుడు అవతలివాడు "ఒకసారి ఆపి వెయ్యండి సార్" అని తప్పించుకోలేడు. డబ్బా మీద ఎల్.ఓ.ఎస్. అన్న చోట ఎర్ర దీపం వెలిగితే మాత్రం ఏ పరీక్షా వద్దు. వెలుగు ఇంటిదాకా రావడం లేదని అర్థం, బయట ఎక్కడో వైరు తెగి ఉండొచ్చు. వెంటనే ఫోను కొట్టండి.

సోమవారం పొద్దున 10:30కే ఇంట్లో కర్ఫ్యూ. బావ ఫోను ఆఫ్. వంటింట్లో ఓవెన్ బంద్. కరెంటు పోయినా డబ్బా ఆగకుండా చిన్న బ్యాటరీ యూపీఎస్ ఒకటి నేను వస్తూ కొనుక్కొచ్చాను. పిల్ల నాయనమ్మగారు సీరియల్ పోతోందని సణుగుతూ తులసికోట దగ్గర కూర్చున్నారు. 11 గంటలకి గది తలుపు మూసుకుంది. మేం బయట ఊపిరి బిగబట్టి వింటున్నాం. "నన్ను వదిలి వెళ్ళకు నాన్నా..." పూర్తిగా, ముక్క తెగకుండా వెళ్ళింది. బావ తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. 11:20కి తలుపు తెరుచుకుంది.

"ఏమన్నారే?"

"ఆ ఏడుపు సీను ఇంకోలా చెప్పించుకున్నారు మామయ్యా. కబురు చేస్తామన్నారు."

నాయనమ్మగారు లోపలికొచ్చి రిమోటు అందుకున్నారు. "ఇంక పెట్టుకోవచ్చునా?"