కండలు అదరడం ఆగడం లేదా? ఐజాక్స్ జబ్బు గురించి ఆరోగ్యశ్రీ లబ్ధిదారులకు

కన్ను అదరడం, రోజంతా నాట్లు వేసి వచ్చాక పిక్కలు పట్టేయడం అందరికీ ఉండేవే. భయపడక్కర్లేదు. కానీ చర్మం కింద పురుగులు పాకినట్టు కండలు అదురుతూ, నిద్రపోయినా ఆగకపోతే నరాల డాక్టరుకు చూపించాలి. అది ఐజాక్స్ సిండ్రోమ్ కావచ్చు. చాలా అరుదైన జబ్బు. 1961లో దక్షిణాఫ్రికా డాక్టర్ ఐజాక్స్ దీని గురించి రాశారు.

ఇందులో మెదడు చెప్పకపోయినా నరం తనంతట తానే కండకు సంకేతాలు పంపుతూ ఉంటుంది. కొందరిలో, రోగాలతో పోరాడాల్సిన యాంటీబాడీలే నరాల మీద పడడం వల్ల ఇలా జరుగుతుంది.

ఎందుకు ఆలస్యంగా తెలుస్తుంది?

అందరికీ అదురు ముందుగా కనబడదు. కొందరికి కాళ్లు మంటలు, నొప్పులు మాత్రమే. కొందరికి ఫ్యాన్ కింద కూర్చున్నా చెమటలు కారిపోతాయి, బరువు తగ్గిపోతారు. దాంతో థైరాయిడ్, షుగర్ పరీక్షల చుట్టూనే తిరుగుతారు. బిగించిన పిడికిలి వెంటనే తెరుచుకోకపోవడం కూడా ఒక గుర్తు.

వీటితో పాటు రాత్రిళ్లు నిద్రే పట్టక, లేనివి కనిపిస్తూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే మోర్వాన్ సిండ్రోమ్ అనుమానించాలి. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుంటారు, పిచ్చి అనుకుంటారు. తాయెత్తులతో నెలలు పోగొట్టుకోకండి. దీనికి వైద్యం ఉంది.

పరీక్షలు, మందులు

ఈఎంజీ పరీక్షలో కండల అదురు తెలుస్తుంది. రక్తంలో యాంటీబాడీలు చూస్తారు. ఛాతీలోని థైమస్ గ్రంథిలో గడ్డ ఉందేమోనని సీటీ స్కాన్ కూడా తీయవచ్చు. కార్బమాజెపైన్, ఫెనిటోయిన్ వంటి మాత్రలు అదురును తగ్గిస్తాయి. అవసరమైతే స్టెరాయిడ్లు, ప్లాస్మా మార్పిడి చేస్తారు. మాత్రలు మొదలుపెట్టాక ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే డాక్టరుకు చెప్పండి.

మన దేశంలో ఈ జబ్బు వచ్చిన కొందరు పాదరసం, బంగారం కలిసిన దేశీ మందులు వాడినట్టు డాక్టర్లు గుర్తించారు. మీరూ భస్మాలు, పొడులు వాడుతుంటే దాచకండి. ఆ పొట్లాం కూడా తీసుకెళ్లండి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు

రేషన్ కార్డు, ఆధార్, పాత చీటీలు పెట్టుకోండి. నిద్రలో అదురుతుంటే ఫోన్‌లో వీడియో తీసి చూపించండి, డాక్టరుకు చాలా పనికొస్తుంది. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ముందు ఆరోగ్యమిత్రను కలవండి. తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి రూ.10 లక్షల వరకు పరిమితి ఉంది. మీకు రాసిన చికిత్స పథకంలోకి వస్తుందా, అనుమతి వచ్చిందా అన్నది డబ్బు కట్టకముందే అడగండి. సందేహం ఉంటే 104కు ఫోన్ చేయండి.