బీటీ రోడ్డు: కొత్త రోడ్డు నాలుగు వానలకే ఎందుకు లేచిపోతుంది? అసలు తేడా ఎక్కడ వస్తుందంటే..

కొత్తగా వేసిన రోడ్డు నల్లగా, నున్నగా మెరిసిపోతుంది. నాలుగు వానలు పడగానే కంకర తేలి గుంతలు పడతాయి. రాత్రిపూట నీళ్లు నిండిన గుంత కనిపించక బైక్‌పై వెళ్లేవాళ్లు కింద పడుతుంటారు. మరి తప్పంతా వానదేనా? కాదు. రోడ్డు ఎన్నాళ్లు నిలుస్తుందన్నది చాలావరకు ప్లాంట్‌లో మిక్స్ తయారైనప్పటి నుంచి రోలర్ తిరిగే వరకు ఉండే కొద్ది గంటల్లోనే తేలిపోతుంది.

మిక్స్‌లో ఏముంటుంది?

మనం తారు అంటాం గానీ ఇప్పుడు రోడ్లకు వాడేది బిటుమెన్. ముడి చమురును శుద్ధి చేశాక అడుగున మిగిలే చిక్కటి పదార్థం ఇది. విశాఖ రిఫైనరీలోనూ తయారవుతుంది. దీన్ని కంకర, రాతిపొడితో కలిపి వేడివేడిగా పరుస్తారు.

కేంద్ర రహదారుల శాఖ నిబంధనల ప్రకారం పైపొరకు వాడే బిటుమినస్ కాంక్రీట్‌లో, కంకర సైజును బట్టి కనీసం 5.2 నుంచి 5.4 శాతం బిటుమెన్ ఉండాలి. ఆమోదించిన లెక్కకు 0.3 శాతం మించి తేడా రాకూడదు. 10 టన్నుల లోడ్‌లో ఒక్క శాతం తగ్గిస్తే 100 కిలోల బిటుమెన్ మిగులుతుంది. అక్కడ మిగిలింది రోడ్డు మీద కంకర ఊడటంగా బయటపడుతుంది! అలాగని ఎక్కువ పోసినా లాభం లేదు. ఎండకు రోడ్డు మెత్తబడి టైర్ల గాడులు పడతాయి.

ల్యాబ్‌లో పాస్.. రోడ్డుపై ఫెయిల్!

మిక్స్‌ను పరీక్షించేందుకు 'మార్షల్ టెస్ట్' చేస్తారు. అమెరికాలోని మిసిసిపీ హైవే విభాగంలో పనిచేసిన బ్రూస్ మార్షల్ పేరుతో వచ్చిన పద్ధతి ఇది. మిక్స్‌ను అచ్చులో పోసి రెండు వైపులా 75 చొప్పున సుత్తి దెబ్బలు కొడతారు. ఆ దిమ్మెను 60 డిగ్రీల నీటిలో ఉంచి, తీసి నొక్కుతారు. దాదాపు 900 కిలోల బరువుకు అది తట్టుకోవాలి. లోపల గాలి ఖాళీలు 3 నుంచి 5 శాతం మధ్యే ఉండాలి.

చిక్కంతా ఇక్కడే ఉంది. ల్యాబ్‌లో దిమ్మెకు 75 దెబ్బలు పడతాయి. మరి రోడ్డుకు? రోలర్ ఎంత తొక్కితే అంతే. అందుకే రోలింగ్ అయ్యాక రోడ్డును గుండ్రంగా కోసి శాంపిల్ తీస్తారు. దీన్నే కోర్ కటింగ్ అంటారు. గరిష్ఠ సాంద్రతలో కనీసం 92 శాతం రావాలి. అంటే గాలి 8 శాతం మించకూడదు. తర్వాత వాహనాల బరువుకు రోడ్డు ఇంకాస్త బిగుస్తుంది. గాలి అంతకంటే ఎక్కువుంటే ఆ సందుల్లోంచి నీళ్లు దిగి, కంకరను పట్టుకున్న బిటుమెన్‌ను వదిలించేస్తాయి. గుంత మొదలయ్యేది అక్కడే!

అసలు కీలకం వేడి

ఎక్కువగా వాడే వీజీ-30 రకం బిటుమెన్ అయితే ప్లాంట్‌లో మిక్స్ 150 నుంచి 165 డిగ్రీల మధ్య ఉండాలి. పరిచేటప్పుడు కనీసం 140 డిగ్రీలు, రోలింగ్ సమయంలో కనీసం 90 డిగ్రీలు ఉండాలి. మిక్స్ చల్లారిపోతే ఎంత పెద్ద రోలర్ తిప్పినా బిగుసుకోదు. ప్లాంట్‌లో మరీ ఎక్కువ కాల్చినా ముప్పే. బిటుమెన్ జిగురు కోల్పోయి పెళుసుబారుతుంది. అంటే టిప్పర్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా, పేవర్ మొరాయించినా ఆ ప్రభావం రోడ్డు మీదే పడుతుంది. దీన్ని పట్టుకోవడానికి పెద్ద మెషీన్ అక్కర్లేదు. లోడ్ దించే ముందు మిక్స్‌లో గుచ్చి చూసే ఒక థర్మామీటర్ చాలు!

మీ వీధిలో రోడ్డు వేస్తుంటే ఇవి చూడండి

* టిప్పర్‌పై టార్పాలిన్ కప్పి ఉందా? లేకపోతే దారిలోనే మిక్స్ చల్లారుతుంది.
* కొత్త పొర కింద చల్లే ఎమల్షన్ గోధుమ రంగు నుంచి నల్లగా మారాకే మిక్స్ వేయాలి.
* వాన పడుతున్నా, కింద నీళ్లు నిలిచినా, తడిగా ఉన్నా పని ఆపాల్సిందే.
* టిప్పర్ తొట్టెకు మిక్స్ అంటకుండా డీజిల్ పూస్తున్నారా? డీజిల్ బిటుమెన్‌ను కరిగిస్తుంది.
* రోలర్ వేగం గంటకు 5 కిలోమీటర్లు దాటకూడదు. మనిషి నడకంత అన్నమాట.

తేడా కనిపిస్తే ఫొటో, తేదీ, చోటు నోట్ చేసుకుని అక్కడున్న ఇంజినీర్‌ను టెంపరేచర్ రీడింగ్ అడగండి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లపై 'మేరీ సడక్' యాప్‌లో, జాతీయ రహదారులపై 1033 నంబర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. గ్రామ సడక్ రోడ్డును పూర్తయ్యాక ఐదేళ్ల పాటు బాగుచేయాల్సిన బాధ్యత కాంట్రాక్టర్‌దే. కానీ రోలర్ వెళ్లిపోయాక చేసేవన్నీ ప్యాచ్ పనులే. అడగాల్సింది మిక్స్ వేడిగా ఉన్నప్పుడే!